నీటిగొబ్బిని ఇంటి పల్లంలో పెంచడం: విత్తనం నుంచి మళ్ళీ విత్తనం దాకా

డిసెంబర్‌లో పొద్దున్నే గుంటూరు నుంచి తెనాలి వైపు వెళ్తుంటే రోడ్డు పక్క పల్లాల్లో, బోదెల అంచున ఊదారంగు పూలు కనబడతాయి. నిటారుగా నిలబడ్డ గట్టి కాడ, దాని పొడవునా కణుపు కణుపుకీ చుట్టూ దండ కట్టినట్టు పూలు. అప్పటికి వరి కోతలు సాగుతుంటాయి, గట్ల మీద గడ్డి పండుబారుతుంటుంది. వానాకాలంలో పూసినవన్నీ ముగిశాక ఇది మొదలుపెడుతుంది. అదే నీటిగొబ్బి. నీరుగొబ్బి అనీ, ముళ్ళగొబ్బి అనీ, గొలిమిడి అనీ కూడా అంటారు. ఆయుర్వేదంలో పేరు కోకిలాక్షం.

నర్సరీల్లో ఈ మొక్క నాకు ఎప్పుడూ దొరకలేదు. రైతుకి ఇది కలుపు, ఊళ్ళో వాళ్ళకి ముళ్ళ మొక్క. నాకు మాత్రం శీతాకాలంలో మన నేల మీద పూసే పూలలో దీనికి మించింది లేదనిపిస్తుంది. ఐదేళ్ళుగా గుంటూరు శివారులో మా ఇంటి వెనక పల్లంలో పెంచుతున్నాను. అందులో మొదటి రెండేళ్ళు సరిగ్గా రాలేదు. ఎందుకు రాలేదో తెలిశాక, మన దగ్గర ఇంత తేలిగ్గా పెరిగే పూలమొక్క ఇంకోటి లేదని అర్థమైంది. దీనికి కావలసింది కాళ్ళ దగ్గర తడి, తల మీద ఎండ. ఆ రెండూ సంక్రాంతి దాకా తెగకూడదు. చాలామంది దగ్గర తెగేది అక్కడే.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి

గొబ్బి అనే పేరు ఒక్క మొక్కకే కట్టుబడి లేదు. కొన్ని ఊళ్ళలో డిసెంబర్ పూలనే గొబ్బిపూలంటారు. విత్తనం కొనేటప్పుడు, అడిగేటప్పుడు ఈ గందరగోళం రాకుండా శాస్త్రీయ నామం గుర్తుపెట్టుకోండి: హైగ్రోఫిలా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో ఆస్టరకాంతా లాంగిఫోలియా అని ఉంటుంది, రెండూ ఒకటే. డిసెంబర్ పూలు, అడ్డసరం, నేలవేము, ఇవన్నీ దీని కుటుంబంలోవే.

కణుపు దగ్గర చూస్తే పొరపాటు పడే వీలే లేదు. ఒక్కో కణుపు చుట్టూ ఆరు ఆకులు ఉంటాయి. బయటి రెండూ పొడుగ్గా, లోపలి నాలుగూ పొట్టిగా. ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో ముల్లు, అంటే కణుపుకి ఆరు ముళ్ళు. పసుపు, గోధుమ కలిసిన రంగులో తిన్నగా, అంగుళం నుంచి అంగుళంన్నర పొడవు. కాడ మీద నూగు ఉంటుంది, కణుపుల దగ్గర కాస్త లావుగా ఉంటుంది. పువ్వు దాదాపు అంగుళం, రెండు పెదవులుగా విచ్చుకుంటుంది. కింది పెదవి మధ్యలో పసుపు మచ్చ. సాధారణంగా కణుపుకి ఎనిమిది పూలు, జతలు జతలుగా వస్తాయి. మొక్క నడుము ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా పెరుగుతుంది.

ముళ్ళగోరింటతో పొరబడేవాళ్ళున్నారు. దానికీ ముళ్ళుంటాయి కానీ పూలు పసుపు, పెరిగేది పొడినేలలో. ఇక దూరం నుంచి చూసి కాలవలో ఊదాపూలన్నీ ఒకటే అనుకోవద్దు. నీళ్ళ మీద తేలుతూ కాలవను మూసేసేది గుర్రపుడెక్క, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల్ని పట్టిన మొక్క. నీటిగొబ్బి మనదే. అది నీళ్ళలో తేలదు, బురదలో వేళ్ళు దించి గట్టునే నిలబడుతుంది.

చోటు

ఇంట్లో వానపడితే రెండు మూడు రోజులు నీళ్ళు నిలిచే చోటు ఎక్కడో మీకు తెలిసే ఉంటుంది. మందారం కుళ్ళిపోయిన చోటు, కనకాంబరం పసుపెక్కి చచ్చిపోయిన చోటు. అదే దీనికి సరైన చోటు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి. మా ప్రహరీ నీడలో నాటిన నాలుగు మొక్కలు వంకర తిరిగి ఎండవైపు వాలాయి, వాటికి కణుపుల మధ్య దూరం పెరిగి పూలు పల్చగా వచ్చాయి. అదే మడిలో ఎండకున్నవి నిటారుగా, ఒత్తుగా పూశాయి.

గుంటూరు వైపు నల్లరేగడి దీనికి బాగా సరిపోతుంది. తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మీ పని సగం అదే చేస్తుంది. ఎండితే మాత్రం నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో వేళ్ళు తెగుతాయి. పైన రెండంగుళాల మందాన ఎండుగడ్డి పరిస్తే నెర్రెలు తగ్గుతాయి. విజయవాడలో కృష్ణ ఒండ్రు ఉన్న చోట ఏమీ కలపక్కర్లేదు. మంగళగిరి, ఉండవల్లి కొండల కింద గరుసు నేలల్లో నీళ్ళు నిలవవు. అక్కడ అడుగు లోతు తవ్వి, తీసిన మట్టిలో సగానికి సగం చెరువు మట్టి కలిపి నింపండి. పైభాగం చుట్టుపక్కల నేలకంటే నాలుగంగుళాలు కిందికే ఉండాలి. మనం అలవాటుగా మడి ఎత్తు చేస్తాం, ఇక్కడ పల్లం చేయాలి.

నడిచే దారికి మూడడుగుల లోపల నాటొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాట గట్టిగా పాటించండి. ఆ ముల్లు దిగితే చాలా నొప్పి పెడుతుంది. పక్కన వరి చేను ఉన్నవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించుకోండి. మీ విత్తనం వాళ్ళ గట్టు మీద మొలిస్తే వాళ్ళకి అదనపు పని. చేను ఆనుకుని ఉంటే కాయలు ఎండకముందే కోసేస్తానని నిర్ణయించుకున్నాకే నాటండి.

విత్తనం దొరికే దారి

మొక్కను పీక్కురావద్దు. కాలవగట్టున పెరిగిన మొక్కను పెకిలిస్తే వేరు తెగుతుంది, ఇంట్లో బతకడం కష్టం, అక్కడి పూలు కూడా పోతాయి. విత్తనమే సరైన దారి. జనవరి చివరి నుంచి మార్చి దాకా బోదెల పక్క చూడండి. కింది కణుపుల దగ్గర కాయలు గోధుమరంగుకి మారి ఉంటాయి. పావంగుళం దాటిన సన్నటి కాయ, కొస మొనదేలి ఉంటుంది. మందపాటి గ్లోవ్స్ వేసుకుని, కత్తెరతో కణుపుకి పైనా కిందా కత్తిరించి కాగితపు సంచిలో వేసుకోండి. ఒక్కో మొక్క నుంచి ఒకటి రెండు కణుపులు చాలు, మిగతావి అక్కడే ఉండనివ్వండి. పురుగుమందులు కొట్టే చేల పక్కకి వెళ్ళకండి.

సంచిని నీడలో పది రోజులు ఆరబెట్టాక కాయను గోటితో నొక్కితే రెండు బద్దలుగా విచ్చుకుంటుంది. లోపల కొక్కేల్లాంటి చిన్న కాడల మీద గింజలు ఆనుకుని ఉంటాయి. కాయకి నాలుగు నుంచి ఎనిమిది గింజలు. ఇంచుమించు నువ్వుగింజంత, పల్చగా, గోధుమరంగులో.

ఆయుర్వేద సరుకులమ్మే దుకాణాల్లో నీరుగొబ్బి గింజలనీ, తాల్‌మఖానా అనీ అమ్ముతారు. వేయించుకు తినే మఖానా వేరు, అది పూర్తిగా వేరే మొక్కది. దుకాణంలో కొన్నవి మందు కోసం నిల్వ చేసినవి, ఎప్పటివో చెప్పలేం. అందుకని ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో పెట్టి రెండు వారాలు చూడండి. ఎనిమిదికి తక్కువ మొలిస్తే ఆ పొట్లం పక్కన పెట్టేయండి. మందుగా వాడే సంగతి వైద్యులు చెప్పాల్సింది, నేను దాని జోలికి వెళ్ళను.

గింజకి నీళ్ళు తగిలితే ఏమవుతుందో చూడండి

చల్లేముందు ఈ చిన్న పని తప్పకుండా చేయండి. అరచేతిలో ఐదారు గింజలు పెట్టుకుని వాటి మీద ఒక చుక్క నీళ్ళు వేయండి. కొద్ది క్షణాల్లో గింజకి అంటుకుని పడుకున్న సన్నటి నూగు లేచి నిలబడుతుంది, చుట్టూ తెల్లటి జిగురు పొంగుతుంది. సబ్జా గింజ నానినట్టే ఉంటుంది కానీ ఇది దానికంటే గట్టిగా అతుక్కుంటుంది. వేలితో తీయబోతే వేలికి అంటుకుంటుంది. ఆరాక చూస్తే చర్మానికి పొర పట్టినట్టు ఉంటుంది. కాలవగట్టున బురద మీద పడ్డ గింజ వానకి కొట్టుకుపోకుండా అక్కడే అతుక్కుని మొలవడానికి ఈ జిగురు సాయం.

మొదటి ఏడు నేను చేసిన తప్పు ఇక్కడే. గింజల్ని రాత్రంతా గ్లాసులో నానబెట్టాను. పొద్దున్నకి అంతా కలిసి ఒక్క ముద్ద. విడదీయబోతే చితికిపోయాయి, ముద్దగా పాతితే కుళ్ళిపోయాయి. మిగతా విత్తనాలకి మంచిదైన నానబెట్టడం దీనికి పనికిరాదు. తడపాల్సింది మట్టిని, గింజ పొడిగానే చేతిలోంచి మట్టి మీదికి వెళ్ళాలి.

నారు

జూన్ చివర, జూలైలో, తొలకరి పడి నేల చల్లబడ్డాక నారు పోయండి. కాలవలకి నీళ్ళు వదిలి డెల్టాలో వరి నారుమళ్ళు పోసే రోజులు దీనికీ సరిపోతాయి. మేలో తొందరపడి పోస్తే ఎండకి మొలక మాడిపోతుంది. సెప్టెంబర్ దాటి పోస్తే మొక్క పొట్టిగా ఉండగానే పూతకి వస్తుంది.

అడుగున చిల్లులున్న ట్రే, లేదా పాత పెరుగు డబ్బాలు తీసుకోండి. రెండు వంతుల తోటమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు. మట్టి నింపి, ట్రేని నీళ్ళ తొట్టిలో పెట్టి కిందనుంచి తడి పైకి వచ్చేదాకా ఉంచండి. ఒక చెంచా గింజలకి పది చెంచాల పొడి ఇసుక కలిపి, ముగ్గు చల్లినట్టు పల్చగా చల్లండి. పైన ఇసుక పొర కనబడీ కనబడకుండా ఉంటే చాలు, లోతుగా పాతొద్దు. ఆ తర్వాత పైనుంచి మగ్గుతో నీళ్ళు పోయొద్దు. స్ప్రే బాటిల్‌తో తుంపర కొట్టండి, లేదా రోజూ ట్రేని కాసేపు నీళ్ళలో పెట్టి తీయండి. భారీ వాన వస్తే ట్రేని చూరు కిందికి జరపండి.

మా ఇంట్లో వారం నుంచి రెండు వారాల్లో మొలిచాయి. అన్నీ ఒకే రోజు రావు, మూడో వారం దాకా ఒకటీ అరా వస్తూనే ఉంటాయి. మొలక వచ్చాక నీడ వద్దు, పొద్దుటి ఎండకి పెట్టండి. లేత మొక్కకి ముళ్ళుండవు, ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి. ఈ దశలో చూసినవాళ్ళకి ఇది గొబ్బి అంటే నమ్మబుద్ధి కాదు.

నాటడం

నాలుగు జతల ఆకులు వచ్చాక, నాలుగంగుళాల ఎత్తులో, ఆగస్టులో నాటండి. వరి ఊడ్చినట్టే, నేల బురదపదునుగా ఉన్నప్పుడు సాయంత్రం పూట. మొక్కకీ మొక్కకీ అడుగున్నర దూరం.

ఒంటరి మొక్క నాటొద్దు. ఇది పెద్దగా కొమ్మలు వేయదు, కర్రలా నిలబడుతుంది. ఒక్కటే ఉంటే చూసేవాళ్ళకి బోసిగా కనబడుతుంది. ఐదు నుంచి తొమ్మిది మొక్కలు దగ్గరగా ఉంటే, పూసేటప్పుడు ఆ ఊదా వరసలన్నీ కలిసిపోయి మడి మొత్తం నిండుగా ఉంటుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పల్లంలో నేను తొమ్మిది నాటతాను.

బంతికీ చామంతికీ చేసినట్టు దీనికి తల తుంచొద్దు. పూలు కణుపుల దగ్గరే వస్తాయి కాబట్టి కాడ ఎంత పొడుగు సాగితే అన్ని చుట్లు పూలు. నాటేటప్పుడు గుంటకి గుప్పెడు మాగిన ఎరువు చాలు. యూరియా వేస్తే ఆకు ముదురుపచ్చగా బలుస్తుంది, కాడ మెత్తబడి మొదటి గాలికే పడిపోతుంది.

మూడు నెలలు ఏమీ జరగనట్టుండే కాలం

ఆగస్టు నుంచి అక్టోబర్ చివరి దాకా ఇది ముళ్ళున్న పచ్చ మొక్క, అంతే. మొగ్గ ఉండదు, రంగు ఉండదు. ఎక్కువ మొక్కలు పోయేది ఈ నెలల్లోనే. రెండో ఏడు దసరాకి ముందు పెరడు శుభ్రం చేయడానికి ఒకాయన్ని పిలిచాం. "అమ్మా, వెనక ముళ్ళగొబ్బి బాగా పట్టేసింది, మొత్తం కొట్టేశాను" అని ఆయన సంతోషంగా చెప్పాడు. ఆయన తప్పేం లేదు, చెప్పకపోవడం నాది. అప్పటినుంచి మడి చుట్టూ నాలుగు వెదురుకర్రలు పాతి ఎర్ర రిబ్బన్ కడుతున్నాను. ఇంట్లోవాళ్ళకీ, పనివాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ ముందే చెప్పండి.

ఈ నెలల్లో కలుపు తీయడం ఒక్కటే పని. తుంగ మొదట్లోనే తీసేయాలి, తర్వాత ముళ్ళ మధ్యలో చెయ్యి పెట్టలేం. అక్టోబర్, నవంబర్‌లో తుపాను హెచ్చరిక వస్తే ఆ రోజే మొదళ్ళకి రెండు పారల మట్టి ఎగదోయండి, గుంపు మొత్తాన్నీ ఒకే తాడుతో వదులుగా చుట్టి కర్రలకి కట్టండి. వాన వెలిశాక తాడు తీసేయాలి, లేకపోతే కణుపులు ఒరుసుకుపోతాయి.

ఆకుల మీద నల్లటి, ఒంటినిండా ముళ్ళున్న గొంగళిపురుగులు కనబడితే మందు కొట్టొద్దు. పీకాక్ పాన్సీ అనే సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో నీటిగొబ్బి ఒకటి. నారింజరంగు రెక్కలు, వాటి మీద నెమలికన్నుల్లాంటి మచ్చలు. వానాకాలంలో దాని రెక్క అంచు గుండ్రంగా ఉంటుంది, పొడికాలంలో పుట్టినవాటికి అంచు కోసుగా మారి, రెక్కలు ముడిస్తే అచ్చం ఎండుటాకులా ఉంటుంది. గొంగళ్ళు తిన్న ఆకులు పోతే పోనివ్వండి, పూతకి లోటు రాదు. వేపనూనె కూడా వద్దు.

నీళ్ళ సంగతి

వానలున్నంతకాలం మీరు చేసేదేమీ లేదు. అసలు పని కార్తీకం వెళ్ళాక మొదలవుతుంది. అప్పటికి వానలు ఆగుతాయి, మొక్క మాత్రం అప్పుడే పూతకి వస్తుంది. చలికాలమే కదా అని మనం నీళ్ళు తగ్గిస్తాం. డిసెంబర్‌లో పెళ్ళికని పది రోజులు ఊరెళ్ళొచ్చేసరికి కింది ఆకులన్నీ ఎండి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోయి ఉన్నాయి. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా ఆ చుట్లు మళ్ళీ పూయలేదు.

అందుకే నవంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాటేదాకా నేల ఎప్పుడూ బురదపదునుగా ఉండాలి. మడిలో మట్టి పిడికెడు తీసి నొక్కండి. వేళ్ళ సందుల్లోంచి తడి కనబడాలి. ముద్ద కట్టి పగిలితే ఆ సాయంత్రమే నీళ్ళు పెట్టాలి. మా ఆరడుగుల మడికి రోజు మార్చి రోజు నాలుగు బకెట్లు పడుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగినవి నేరుగా పోయొచ్చు. బట్టల సబ్బునీళ్ళు వద్దు. ఆర్‌వో మెషిన్ వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, మామూలుగానే ఉప్పునీళ్ళ బోరు ఉన్న ఇళ్ళలో అవి అస్సలు వద్దు.

దోమల గురించి అందరూ అడుగుతారు, అడగాల్సిందే. డెంగీ దోమ ఇంటి చుట్టూ నిలిచిన నీళ్ళలోనే పెరుగుతుంది. దీనికి బురద చాలు, నీటి మడుగు అక్కర్లేదు. పోసిన నీళ్ళు రెండు రోజుల్లో పైన కనబడకుండా ఇంకిపోవాలి. ఇంకకపోతే పోయడం తగ్గించండి.

పెరడు లేనివాళ్ళకి

విజయవాడ అపార్ట్‌మెంట్ డాబా మీద కూడా పెరుగుతుంది. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్‌కి ఒక మొక్క. చిల్లులు అడుగున కాకుండా, అడుగునుంచి మూడంగుళాల ఎత్తులో పక్కన రెండు పెట్టండి. ఆ మూడంగుళాల్లో నీళ్ళు మట్టితో కలిసి బురదగా ఉంటాయి, పైకి తేలవు, కాబట్టి దోమలు రావు. కింద పళ్ళెం పెడితే మాత్రం వారానికోసారి పూర్తిగా ఒంపి తుడవాలి. నాలుగు బకెట్లు ఆనించి పెట్టండి. డాబా మీద ఎండ, గాలి ఎక్కువ కాబట్టి డిసెంబర్‌లో కూడా రోజూ నీళ్ళు పోయాలి. నేలలో పెరిగినంత ఎత్తు రాదు, మోకాలి పైదాకా వస్తుంది.

పూలు, ఆ తర్వాత

పూత కింది కణుపుల దగ్గర మొదలై పైకి సాగుతుంది. ధనుర్మాసం అంతా మడి నిండుగా ఉంటుంది. పొద్దున్న ఎనిమిది తర్వాత వెళ్ళి నిలబడండి. పెద్ద నల్లతుమ్మెద వచ్చి కింది పెదవి మీద వాలితే పువ్వు బరువుకి కిందికి వంగుతుంది, అది లోపలికి తల దూర్చి బయటికి వచ్చేసరికి వీపు మీద పుప్పొడి ఉంటుంది. కోసి వాజులో పెట్టడానికి ఈ పూలు పనికిరావు. ముళ్ళూ గుచ్చుకుంటాయి, పూలూ గంటలో వాడిపోతాయి. మొక్క మీదే చూడాలి.

జనవరి చివరి నుంచి నీళ్ళు వారానికోసారికి తగ్గించి, ఫిబ్రవరి మధ్యలో ఆపేయండి. కాయలు గట్టిపడి గోధుమరంగుకి మారతాయి. కింది చుట్లు ముందు పండుతాయి కాబట్టి విత్తనం అక్కడే తీసుకోండి. మార్చిలో మొక్క పూర్తిగా ఎండాక కొడవలితో మొదలంటా కోసి, కాడల్ని ముళ్ళు ఎవరికీ తగలని మూల కుప్ప వేయండి. వేళ్ళని నేలలోనే వదిలేయండి. కాయలున్న కాడల్ని కంపోస్టులో వేయొద్దు, ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలోనూ గొబ్బి మొలుస్తుంది. రాలిన గింజలు తొలకరికి మడిలో వాటంతట అవే లేస్తాయి. వాటిలో బలంగా ఉన్న తొమ్మిదింటిని ఉంచి, మిగతావి ముళ్ళు రాకముందే జూలైలో తీసి అడిగినవాళ్ళకి ఇవ్వండి.

పక్కకి తీసిన గింజల్ని కాగితం పొట్లంలో కట్టి, పైన ఊరు, నెల, సంవత్సరం రాసి, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో వేయండి. డబ్బాని వంటింట్లో పొయ్యి దగ్గరా, సింకు దగ్గరా పెట్టకండి. ఒక్క తడి చెయ్యి తగిలినా పొట్లంలోని గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.